డిగ్రీలో మైక్రోబయాలజీ: మూడుసార్లు గ్రామ్ స్టెయిన్ చేసినా గులాబీ రంగే, కోర్సు మారిపోవాలా?

స్లైడ్‌మీదచుక్క · సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మైక్రోబయాలజీ మెయిన్‌గా డిగ్రీ చదువుతున్నాను, రెండో సెమిస్టర్. చేరేటప్పుడు నేను ఊహించుకున్నది వేరు. రోజంతా మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి కూర్చుంటాననీ, ఎప్పుడో ఒకరోజు ఎవరూ చూడనిది నాకు కనపడుతుందనీ అనుకున్నాను. ఇప్పటిదాకా ఎక్కువగా చూసింది బయోకెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, పేర్లు. ఒక్కో బాక్టీరియాకి రెండు లాటిన్ పేర్లు, అది తినే చక్కెరలు, తినని చక్కెరలు, పెరిగే వేడి, తెచ్చే జబ్బు. పరీక్ష ముందు రాత్రి తలకెక్కుతాయి, హాల్లోంచి బయటికి రాగానే దిగిపోతాయి.

అసలు బాధ ప్రాక్టికల్స్‌తో. స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియాకి గ్రామ్ స్టెయిన్ (రంగులు వేసి, ఊదా నిలిస్తే గ్రామ్ పాజిటివ్, గులాబీ అయితే గ్రామ్ నెగటివ్ అని తేల్చే పరీక్ష) చేయమన్నారు. ఊదా రంగు గుత్తులు కనపడాలి. మూడు వారాల్లో మూడుసార్లు చేశాను, మూడుసార్లూ గులాబీ. గుత్తులు గుత్తుల్లాగే ఉన్నాయి, రంగే తప్పు. పక్క బెంచీ అబ్బాయికి మొదటిసారే ఊదా వచ్చింది. ల్యాబ్‌లో అడిగితే "చేయి తిరగాలి" అన్నారు, అంతే.

ఈ సబ్జెక్టు జ్ఞాపకశక్తి ఉన్నవాళ్లకేనా? చేతి పనితనం పుట్టుకతో రావాలా? ఒట్టి డిగ్రీతో చేసే ఉద్యోగం ఎలా ఉంటుంది? ఇప్పుడైతే వేరే కోర్సుకి మారే వీలుంది. మొహమాటం లేకుండా చెప్పండి.

నాలుగోసెమ్ · సోమవారం, రాత్రి 11:05

నాదీ ఇదే కథ, రెండేళ్ల కిందట. పేర్ల సంగతి చెప్తా. పుస్తకంలో చదివిన పేరు నిలవదు, ప్లేట్ మీద చూసిన పేరు నిలుస్తుంది. సెరాషియా మార్సెసెన్స్‌ని గది వేడిలో పెంచితే ఎర్రగా వస్తుంది. అదే 37 డిగ్రీల్లో పెంచితే తెల్లబోతుంది. రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూశాక ఆ పేరు జన్మలో మర్చిపోలేదు. సూడోమోనాస్ ఎరుజినోసా అయితే మూత తీయగానే తియ్యటి ద్రాక్షపళ్ల వాసన, అగర్ (బాక్టీరియాని పెంచే జెల్లీ) అంతా నీలిపచ్చ. వాసన చూసే చెప్పేయొచ్చు.

రాత్రిడ్యూటీ · సోమవారం, రాత్రి 11:19

పైన పెద్దమనిషీ, వాసన చూసి చెప్పడం అనే సలహా మాత్రం కొత్తవాళ్లకి ఇవ్వకండి. ప్లేట్ మీద ఏముందో తెలియకే కదా పరీక్ష చేసేది? బ్రూసెల్లా లాంటిది ఉన్న ప్లేట్‌కి ముక్కు దగ్గర పెట్టి జబ్బు తెచ్చుకున్న ల్యాబ్ వాళ్లు ఉన్నారు. వాసన దానంతట అది వస్తే వస్తుంది, మనం ముక్కు తీసుకెళ్లి పెట్టకూడదు.

నాలుగోసెమ్ · సోమవారం, రాత్రి 11:24

ఒప్పుకుంటున్నా అక్కా. మా సీనియర్లు నేర్పింది అలా రాసేశా. ముక్కు వెనక్కి.

పాతకల్చర్ · మంగళవారం, ఉదయం 6:15

అమ్మా, కోర్సు సంగతి తర్వాత. ముందు ఆ స్లైడ్ సంగతి తేలుద్దాం, ఎందుకంటే గులాబీ రావడానికి కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను ఇరవై ఏడేళ్లు ఈ ప్రాక్టికల్ చేయించినవాణ్ణి. "చేయి తిరగాలి" అనేది జవాబు కాదు, జవాబు చెప్పే ఓపిక లేనప్పుడు మా బోటివాళ్లం అనే మాట.

ఈ రంగులాట ఎందుకు నడుస్తుందో చూడు. క్రిస్టల్ వయొలెట్ వేస్తే అన్ని కణాలూ ఊదా అవుతాయి. అయోడిన్ వేస్తే ఆ రంగుతో కలిసి కణం లోపల పెద్ద ముద్దలు కడుతుంది. తర్వాత ఆల్కహాల్. గ్రామ్ పాజిటివ్ కణానికి పెప్టిడోగ్లైకాన్ గోడ మందం. ఆల్కహాల్ దానిలోని నీటిని లాగేస్తే గోడ బిగుసుకుని ముద్ద లోపలే చిక్కుకుంటుంది. గ్రామ్ నెగటివ్‌కి ఆ గోడ పలచన, పైనున్న కొవ్వు పొర ఆల్కహాల్‌కి కరుగుతుంది, రంగు బయటికి పోతుంది. ఆఖర్న వేసే సఫ్రానిన్ ఆ ఖాళీ కణాలకు గులాబీ అద్దుతుంది.

కాబట్టి నీ స్టెఫిలోకాకస్ గులాబీ వచ్చిందంటే గోడ పాడైపోయి ఉండాలి, లేదా ఆల్కహాల్ ఎక్కువసేపు పోసి ఉండాలి, లేదా అయోడిన్ వేయడం మర్చిపోయి ఉండాలి. మూడు సంగతులు చెప్పు. కల్చర్ వయసెంత? ఆల్కహాల్ ఎన్ని సెకన్లు? స్మియర్, అంటే స్లైడ్ మీద పూసిన బాక్టీరియా పొర, ఎంత మందం? అచ్చు కాగితం మీద స్లైడ్ పెడితే కింద అక్షరాలు చదవగలిగేలా ఉండాలి, అది నా కొలత.

ఇంకో మాట. హన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ఈ పద్ధతి ప్రకటించినప్పుడు బాక్టీరియాను రెండు జాతులుగా విడగొట్టాలని అనుకోలేదు. న్యుమోనియాతో పోయినవాళ్ల ఊపిరితిత్తుల కణజాలంలో బాక్టీరియా విడిగా కనపడితే చాలనుకున్నాడు. కొన్ని బాక్టీరియా రంగు పోగొట్టుకోవడం ఆయనకి లోపంలా కనిపించింది. తన పద్ధతి లోపాలతో ఉందని ఆ వ్యాసంలోనే రాసుకున్నాడు. నువ్వు లోపం అనుకుంటున్నదాన్ని ఆయనా లోపమే అనుకున్నాడు మరి.

స్లైడ్‌మీదచుక్క · మంగళవారం, ఉదయం 8:02

సర్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. థాంక్యూ.

అయోడిన్ వేశాను, అది ఖాయం. ఆల్కహాల్ సెకన్లు లెక్కపెట్టలేదు, రంగు కారడం పూర్తిగా ఆగేదాకా పోశాను. స్మియర్ పలచనే. కల్చర్ అంటే... చెప్పడానికి సిగ్గుగా ఉంది. సెమిస్టర్ మొదటి వారంలో నేను స్ట్రీక్ చేసిన (తీగ లూప్‌తో బాక్టీరియాని అగర్ మీద గీతలుగా గీసిన) ప్లేట్ చాలా అందంగా వచ్చింది. నాలుగు భాగాలూ చక్కగా పలచబడుతూ చివర్న విడివిడి కాలనీలు. సర్ కూడా క్లాసులో అందరికీ చూపించారు. దాన్ని ఫ్రిజ్‌లో దాచుకుని ప్రతి వారం దాన్నుంచే తీసుకుంటున్నాను.

పాతకల్చర్ · మంగళవారం, ఉదయం 8:30

దొరికింది దొంగ.

నెల దాటిన కాలనీలో సగం కణాలు చచ్చినవే ఉంటాయి. గోడలు చిల్లులు పడి ఉంటాయి. అలాంటి గోడ ఆల్కహాల్‌ని ఆపలేదు. నీ చేతిలో ఏ దోషమూ లేదు, నీ ప్లేట్ మీద నీకున్న ప్రేమే దోషం. పక్క బెంచీ అబ్బాయి తాజా కల్చర్ వాడి ఉంటాడు, కనుక్కో.

ఈసారి ఇలా చెయ్యి. ఆ ప్లేట్‌లోంచి ఒక కాలనీ తీసి కొత్త ప్లేట్ మీద గీసి రాత్రంతా పెంచు. 18 నుంచి 24 గంటల కల్చర్ కావాలి. ఒకే స్లైడ్ మీద మూడు స్మియర్లు వెయ్యి. ఎడమ చివర స్టెఫిలోకాకస్, కుడి చివర ఈ. కోలై, మధ్యలో నీకు ఇచ్చే తెలియని కల్చర్. మూడింటికీ ఒకే ఆల్కహాల్, ఒకే గడియారం. 95 శాతం ఇథనాల్ అయితే పలచటి స్మియర్‌కి 10, 15 సెకన్లు, వెంటనే నీళ్లు. ఎడమది ఊదా, కుడిది గులాబీ వస్తేనే మధ్యలోదాన్ని నమ్ము. రాకపోతే స్లైడ్ పారేసి మళ్లీ మొదలుపెట్టు.

ఊరికేచదివా · మంగళవారం, ఉదయం 11:47

మీరంతా 1884 రంగుల గురించి కొట్టుకుంటున్నారు. ఇప్పుడు మాల్డీ టాఫ్ అనే మిషన్ ఉంది, కాలనీ పెడితే నిమిషాల్లో పేరు చెప్పేస్తుంది. రేపు కంప్యూటర్ స్లైడ్లు కూడా చూసేస్తుంది. ఆ అమ్మాయికి మంచి సలహా ఇవ్వాలంటే మారిపొమ్మనండి. నేను మారిపోయా, హాయిగా ఉన్నా.

రాత్రిడ్యూటీ · మంగళవారం, మధ్యాహ్నం 2:10

డ్యూటీ దిగి నిద్రపోయి లేచి చూశా. దీనికి జవాబు చెప్పకపోతే మళ్లీ నిద్ర పట్టదు.

ఆ మిషన్ మా ల్యాబ్‌లో ఉంది. మంచిదే, ఇదివరకు రెండు రోజులు పట్టిన పని గంటలోపే అయిపోతోంది. కానీ దానికి కాలనీ కావాలి, అదీ శుద్ధంగా. రెండు రకాలు కలిసిన కాలనీ పెడితే ఏదో ఒకటి చెప్తుంది, లేదా చేతులెత్తేస్తుంది. ఆ విడి కాలనీ తెచ్చేది స్ట్రీకింగ్ వచ్చిన చెయ్యే. ఇంకా, ఈ. కోలైకీ షిగెల్లాకీ తేడా అది నమ్మకంగా చెప్పలేదు, రెండూ అంత దగ్గరి చుట్టాలు. అక్కడ పాత బయోకెమికల్ పరీక్షలే గతి.

గ్రామ్ స్టెయిన్ సంగతికొస్తే, రాత్రి రెండింటికి బ్లడ్ కల్చర్ మిషన్ గంట కొడుతుంది. ఏ సీసాలో ఏదో పెరుగుతోందో చెప్తుంది, అదేమిటో చెప్పదు. ఒక చుక్క తీసి స్టెయిన్ చేస్తా. ఊదా గుత్తులా, ఊదా గొలుసులా, గులాబీ కడ్డీలా? వార్డుకి ఫోన్ చేసి ఆ రెండు ముక్కలే చెప్తా. డాక్టరు ఆ మాట మీద మందు మారుస్తారు. కాలనీ లేవడానికి ఇంకా చాలా గంటలుంటుంది. అప్పుడు నా చేతిలో ఉన్నవి స్లైడూ, నాలుగు సీసాల రంగూ, కన్నూ.

ఊదా గుత్తులు కనపడగానే పని అయిపోదు కూడా. మన చర్మం మీదుండే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ కూడా అచ్చం అలాగే ఉంటుంది. రక్తం తీసేటప్పుడు చర్మం సరిగ్గా తుడవకపోతే అదే సీసాలోకి వస్తుంది. నాలుగు సీసాల్లో ఒక్కదాంట్లోనే, అదీ ఆలస్యంగా పెరిగితే ఒక అనుమానం. నాలుగింట్లోనూ, తొందరగా పెరిగితే ఇంకో అనుమానం. ఇది ఏ మిషన్ తెరమీదా ఒక్క లైనులో రాదు.

ఒక హెచ్చరిక, చుక్క గారూ. ఆసుపత్రి ల్యాబ్‌లో రిపోర్టు పనికి చాలా చోట్ల విడిగా శిక్షణా, లైసెన్సూ అడుగుతారు. ఒట్టి మైక్రోబయాలజీ డిగ్రీతో నేరుగా రానివ్వరు. మీకు ఆ దారి ఇష్టమైతే మీ దగ్గర ఏం కావాలో ఇప్పుడే కనుక్కోండి, మూడో ఏడు చివర్న కాదు.

ఊరికేచదివా · మంగళవారం, మధ్యాహ్నం 2:31

సరే, రాత్రి రెండింటికి లేచేవాళ్లతో నేను వాదించలేను.

క్లీన్‌రూమ్‌కాకి · మంగళవారం, రాత్రి 9:15

ఒట్టి డిగ్రీతో ఉద్యోగం ఎలా ఉంటుందని అడిగారు కదా, ఆ దారిలో వచ్చినవాణ్ణే నేను. ఇంజెక్షన్ మందులు తయారయ్యే చోట క్వాలిటీ కంట్రోల్‌లో మైక్రోబయాలజిస్టుని, తొమ్మిదేళ్లు.

పొద్దున్నే తల నుంచి కాలిదాకా కప్పుకుని, కళ్లు మాత్రం కనపడేలా తయారవడం. క్లీన్‌రూమ్‌లో అగర్ ప్లేట్లు మూతలు తీసి పెట్టడం, నాలుగు గంటల్లోపు తీసుకురావడం. గాలిలోంచి ఏం పడిందో అవి చెప్తాయి. పనిచేసేవాళ్ల గ్లవ్స్ వేళ్లు ప్లేట్‌కి అద్దించడం. నీళ్లు పరీక్షించడం. స్టెరిలిటీ టెస్ట్ అయితే మందు వేసిన మీడియాని 14 రోజులు కనిపెట్టుకుని ఉండాలి. రోజూ గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చూడటం, మబ్బు పట్టిందా లేదా అని. 99 సార్లు ఏమీ ఉండదు. ఏమీ లేకపోవడమే మా విజయం. అది అందరికీ పడదు, ముందే చెప్తున్నా.

ఇక రాత. మేం పెంచే బాక్టీరియా కంటే రాసే కాగితాలే ఎక్కువ. ఏ బ్యాచ్ మీడియా, ఏ ఇంక్యుబేటర్, ఎన్ని గంటలకి పెట్టావు, ఎన్నింటికి తీశావు, చూసిందెవరు, సరిచూసిందెవరు. రాయనిది జరగనట్టే. నేను చేరిన కొత్తలో ఇంక్యుబేటర్ వేడి ఒకపూట రాయడం మర్చిపోయా. మరుసటి రోజు గుర్తొచ్చి, "ఎప్పుడూ ఉండేదే కదా" అని అంచనాగా రాయబోయా. మా సీనియర్ మేడమ్ పెన్ను పట్టుకుని ఆపేశారు. "ఖాళీ ఉంటే అది తప్పు. నింపితే అది అబద్ధం" అన్నారు. ఖాళీ ఎందుకొచ్చిందో సంజాయిషీ రాసి సంతకం పెట్టా. ఆరోజు తిట్లు తిన్నా ఉద్యోగం నిలబడింది.

మరి మజా లేదా అంటే, ఉంది. ఒకరోజు ప్లేట్ మీద బాసిల్లస్ కాలనీ కనపడుతుంది. మనుషుల చర్మం నుంచి రాలేది ఎక్కువగా మైక్రోకాకస్, స్టెఫిలోకాకస్. బాసిల్లస్ అంటే స్పోర్లు, గట్టి గోడ కట్టుకుని నిద్రపోయే గింజల్లాంటివి. స్పోర్లు ఆల్కహాల్‌కి చావవు. అంటే ఎవరో అట్టపెట్టె లోపలిదాకా తెచ్చారా, స్పోర్లను చంపే మందుతో తుడవడం ఎగ్గొట్టారా? అక్కణ్ణుంచి డిటెక్టివ్ పనే. పుస్తకంలో "బాసిల్లస్: గ్రామ్ పాజిటివ్, కడ్డీ ఆకారం, స్పోర్ ఉంటుంది" అని ఒక్క లైను బట్టీ పట్టా. ఆ లైను ఒక గది తలుపు దాకా నడిపిస్తుందని అప్పుడు తెలీదు.

పైకి ఎదగాలంటే మాత్రం ఒట్టి డిగ్రీ ఒక మెట్టు దగ్గర ఆపేస్తుంది. నాతో చేరినవాళ్లలో పీజీ చేసినవాళ్లు ముందుకెళ్లారు. దాచడం దేనికి.

ఫేజ్‌ప్రేమికుడు · మంగళవారం, రాత్రి 11:50

పరిశోధన వైపు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. బాక్టీరియాని తినే వైరస్‌ల (వాటినే ఫేజ్‌లు అంటారు) మీద పీహెచ్‌డీ చేస్తున్నా, నాలుగో ఏడు, నిద్ర తక్కువ.

చుక్క గారు బట్టీ గురించి అన్నారు. ఐఎంవిక్ పరీక్షలు (బాక్టీరియాని గుర్తుపట్టే నాలుగు బయోకెమికల్ పరీక్షలు) చదివే ఉంటారు. ఈ. కోలై అంటే ఇండోల్ ప్లస్, మిథైల్ రెడ్ ప్లస్, వీపీ మైనస్, సిట్రేట్ మైనస్. ఆ చివరి మైనస్ దగ్గర ఆగండి. ఆక్సిజన్ ఉన్నప్పుడు ఈ. కోలై సిట్రేట్‌ని తినలేదు, అది దాని ఆనవాళ్లలో ఒకటి. 1988 ఫిబ్రవరిలో రిచర్డ్ లెన్స్కీ అనే ఆయన ఒకే ఈ. కోలై నుంచి 12 ఫ్లాస్కులు మొదలుపెట్టాడు. రోజూ ప్రతి ఫ్లాస్కులోంచి వందో వంతు తీసి కొత్త మీడియాలో వేయడం, అంతే పని. వంద రెట్లు పెరగాలంటే 2ని దాదాపు 6.6 సార్లు హెచ్చించాలి, అంటే రోజుకి ఆరున్నర తరాలు పైచిలుకు. 500 తరాలకోసారి కొంత ఫ్రీజర్‌లో దాచడం. ఆ మీడియాలో గ్లూకోజ్ కొంచెమే, సిట్రేట్ బోలెడు. 30 వేల తరాలు దాటాక ఒక్క ఫ్లాస్కు ఒకరోజు మామూలుకంటే చిక్కగా మబ్బు పట్టింది. అందులోవాళ్లు సిట్రేట్ తినడం నేర్చారు! మిగతా పదకొండూ నేర్వలేదు. ఫ్రీజర్‌లో పాత తరాలు ఉన్నాయి కాబట్టి వెనక్కి వెళ్లి మళ్లీ నడిపి చూడగలిగారు. ఆ ప్రయోగం ఇంకా నడుస్తూనే ఉంది.

మీ పుస్తకంలో "సిట్రేట్ మైనస్" అనే రెండు మాటల వెనక ఇంత ఉంది. ముందు ఈ కథ చదివి తర్వాత పట్టిక చదివితే బట్టీ పట్టక్కర్లేదు.

స్టాటిస్టిక్స్ ఎందుకని కూడా విసుక్కున్నట్టున్నారు. 1943లో లూరియా, డెల్‌బ్రూక్ ఇద్దరికీ ఒక ప్రశ్న. ఫేజ్‌ని తట్టుకునే బాక్టీరియా ఫేజ్ తగిలాక మారుతుందా, ముందే మారి కూర్చుని ఉంటుందా? చాలా గొట్టాల్లో విడివిడిగా పెంచి, ఒక్కో గొట్టాన్నీ ఫేజ్ ఉన్న ప్లేట్ మీద పోశారు. తగిలాకే మారేదైతే అన్ని ప్లేట్లలోనూ కాలనీల లెక్క ఇంచుమించు ఒకేలా ఉండాలి. కానీ కొన్నింట్లో సున్నా, కొన్నింట్లో ఇబ్బడిముబ్బడిగా వచ్చాయి. ముందే, ఎప్పుడో తొలి తరాల్లో మారినది పిల్లల్ని పెట్టుకుంటూ పోయిందన్నమాట. జవాబు కాలనీల్లో లేదు, కాలనీల లెక్కల మధ్య ఉన్న ఎగుడుదిగుడులో ఉంది. యాంటీబయాటిక్‌ని తట్టుకునే బాక్టీరియా ఎలా వస్తుందో అర్థం చేసుకోవడానికి ఇప్పటికీ ఇదే మొదటి మెట్టు.

నాలుగోసెమ్ · బుధవారం, ఉదయం 7:40

లెక్కలంటే గుర్తొచ్చింది. మా మేడమ్ మొదటి క్లాసులో వేయించిన లెక్క. ఈ. కోలై 20 నిమిషాలకోసారి రెండవుతుంది. 24 గంటల్లో 72 సార్లు. ఒక్కో కణం బరువు గ్రాములో లక్ష కోట్లవ వంతు అనుకుంటే మర్నాటికి ఎంత? 4,700 టన్నులు వచ్చింది. క్లాసంతా నోరు తెరిచాం. "మరి ఇన్ని టన్నులు ఎక్కడ?" అని అడిగి మేడమ్ గ్రోత్ కర్వ్ మొదలుపెట్టారు. తిండి అయిపోతుంది, తామే వదిలిన ఆసిడ్‌లో తామే మునుగుతాయి. ఆ తర్వాత స్టేషనరీ ఫేజ్ (పెరుగుదల ఆగిపోయే దశ) ఎవరికీ బట్టీ పట్టాల్సి రాలేదు.

ఇంకోటి, ల్యాబ్‌లో నేను చేసిన ఘనకార్యం, జాగ్రత్త కోసం చెప్తున్నా. గాజు స్ప్రెడర్‌ని ఆల్కహాల్‌లో ముంచి మంటలో పెట్టి చల్లార్చాలి కదా. మంట ఆరిందనుకుని మళ్లీ బీకర్‌లో ముంచా. ఆరలేదు. ఆల్కహాల్ మంట వెలుతుర్లో సరిగ్గా కనపడదు. బీకర్ అంతా అంటుకుంది. నేను బీకర్ ఎత్తబోతుంటే ల్యాబ్ అసిస్టెంట్ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, గాజు పెట్రీ మూత ఒకటి బీకర్ మీద బోర్లించారు. టక్కున ఆరిపోయింది. ఎత్తి ఉంటే చేతుల మీద పోసుకునేవాణ్ణి. అప్పట్నుంచీ మూత పక్కన పెట్టుకోకుండా ఆల్కహాల్ బీకర్ ముట్టను.

కోడ్‌లోపడ్డా · బుధవారం, మధ్యాహ్నం 1:20

నిజంగానే చేయి తిరగనివాళ్ల తరఫున ఒక మాట. నాకు చేతులు వణుకుతాయి, చిన్నప్పట్నుంచీ. డిగ్రీ అంతా పైపెట్‌తో కుస్తీ. చివరికి సీక్వెన్స్ డేటా వైపు వెళ్లిపోయా. మట్టిలోనో నీళ్లలోనో ఉన్న బాక్టీరియాలో మనం ప్లేట్ మీద పెంచగలిగేది చాలా కొద్ది భాగమే. మిగతావాటిని డీఎన్‌ఏ ద్వారానే చూడాలి. 1977లో కార్ల్ వూస్, జార్జ్ ఫాక్స్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏని పోల్చి చూసే, బాక్టీరియాలా కనపడుతూ బాక్టీరియా కాని ఆర్కియాని విడగొట్టారు. మైక్రోస్కోప్‌లో చూస్తే తేడా తెలియదు.

అయితే ల్యాబ్‌ని తప్పించుకున్నానని సంబరపడకండి. మొదటి ప్రాజెక్టులో అన్ని శాంపిల్స్‌లోనూ ఒకే బాక్టీరియా కనపడింది. ఎగిరి గంతేశా, ఇంకేముంది పేపరే అనుకున్నా. గైడ్ ఒక్కటే అడిగారు: "బ్లాంక్‌లో ఏముంది?" బ్లాంక్ అంటే శాంపిల్ ఏమీ వేయకుండా ఒట్టి కెమికల్స్‌తో నడిపిన గొట్టం. చూస్తే దాంట్లోనూ అదే బాక్టీరియా. కిట్‌లోంచే వచ్చింది. పాతకల్చర్ సర్ చెప్పిన "ఎడమది ఊదా, కుడిది గులాబీ వస్తేనే నమ్ము" అన్న మాట నాకు కంప్యూటర్ ముందు కూర్చున్నాక అర్థమైంది.

కోడింగ్ కొంచెం నేర్చుకోండి, ఏ దారి పట్టినా వృథా పోదు.

రాత్రిడ్యూటీ · బుధవారం, సాయంత్రం 5:05

బట్టీ గురించి నాదీ ఒక మాట. పేర్లు జాబితాలా రాసుకోకండి, దారిలా రాసుకోండి. ఊదా గుండ్రాలు కనపడ్డాయి, తర్వాత ఏం చేస్తాను? హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క. బుడగలు వస్తే స్టెఫిలోకాకస్ వైపు, రాకపోతే స్ట్రెప్టోకాకస్ వైపు. బుడగలొస్తే కోయాగ్యులేజ్ (ప్లాస్మాని గడ్డకట్టించే ఎంజైమ్) చూడాలి, అలా కిందికి. ప్రతి మలుపు దగ్గరా "ఇక్కడ ఎలా మోసపోతాను" అని కూడా ఒక ముక్క రాయండి. ఉదాహరణకి బ్లడ్ అగర్ మీంచి కాలనీతో పాటు అగర్ కూడా గీరుకొస్తే బుడగలొస్తాయి, ఎర్ర రక్తకణాల్లోనూ కాటలేజ్ (ఆ బుడగలు తెప్పించే ఎంజైమ్) ఉంది కాబట్టి. నిక్రోమ్ తీగతో పెరాక్సైడ్‌ని తాకినా బుడగలే. చెక్కపుల్ల వాడండి. వైవాలో ఈ మోసాలే అడుగుతారు, ఉద్యోగంలో ఇవే పట్టిస్తాయి.

మాడరేటర్ · బుధవారం, సాయంత్రం 6:00

ప్లేట్ వాసన చూడటం గురించి వచ్చిన పదకొండు సరదా వ్యాఖ్యలు తీసేశాను. నవ్వుకున్నాను, అయినా తీసేశాను.

ఊరికేచదివా · గురువారం, ఉదయం 10:12

బయోటెక్నాలజీకీ దీనికీ తేడా ఏంటో కూడా ఎవరైనా చెప్తే బాగుండు. మా తమ్ముడు అడుగుతున్నాడు. అవును, నేను మారిపొమ్మన్నవాణ్ణే.

పాతకల్చర్ · గురువారం, ఉదయం 11:00

మైక్రోబయాలజీలో సూక్ష్మజీవి గురించి చదువుతారు, బయోటెక్‌లో ఏ జీవితోనైనా ఏం చేయించుకోవచ్చో చదువుతారు. సిలబస్ సగం కలుస్తుంది. కాలేజీ పేరు కంటే అక్కడ వారానికి ఎన్ని గంటలు పిల్లల చేతికి లూప్ ఇస్తారో కనుక్కోమను మీ తమ్ముణ్ణి. డెమో చూపించి పంపేసే చోట రెండూ ఒకటే.

స్లైడ్‌మీదచుక్క · తర్వాతి గురువారం, రాత్రి 9:33

వచ్చేశా. సర్ చెప్పినట్టే చేశాను. కొత్త ప్లేట్, 20 గంటల కల్చర్, ఒకే స్లైడ్ మీద మూడు స్మియర్లు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, 12 సెకన్లు.

ఆయిల్ వేసి వంద ఎక్స్ లెన్స్ దించా. ఎడమ చివర ముదురు ఊదా గుత్తులు! లెన్స్ నుంచి కన్ను తీసి మళ్లీ పెట్టి చూశా, ఊదాయే. కుడి చివర ఈ. కోలై గులాబీ. అక్కడికి నా జన్మ ధన్యం.

పక్క బెంచీ అబ్బాయిని అడిగితే అతను మొదట్నుంచీ ల్యాబ్‌వాళ్లు రోజూ ఇచ్చే తాజా స్లాంట్ (గొట్టంలో ఏటవాలు అగర్ మీద పెంచిన కల్చర్) నుంచే తీసుకుంటున్నాడట. నా ప్లేట్ అందంగా ఉందని నేనే దాన్ని పట్టుకు వేలాడా.

ఇప్పుడు కొత్త చిక్కు. మధ్యలో వేసిన తెలియని కల్చర్‌లో పొడుగు కడ్డీలు గొలుసులుగా ఉన్నాయి. ఒకే గొలుసులో కొన్ని ఊదా, కొన్ని గులాబీ. రెండు చివర్లూ సరిగ్గానే వచ్చాయి కాబట్టి ఆల్కహాల్ తప్పు కాదనుకుంటున్నా. ఇంకా, కొన్ని కడ్డీల మధ్యలో అసలు ఏ రంగూ పట్టని ఖాళీ ఉంది, గింజలా, అంచులు మెరుస్తూ. గాలి బుడగలేమో అని ఫోకస్ మార్చి చూశా, అన్నింట్లోనూ కడ్డీ లోపలే ఉంది. కల్చర్ రెండు రోజులదని లేబుల్ మీద ఉంది. రికార్డులో ఉన్నది ఉన్నట్టు బొమ్మ వేసి "మిశ్రమ రంగు" అని రాశా. ఏదో ఒక రంగు రాసేద్దామని చెయ్యి లాగింది, కాకి గారి పెన్ను కథ గుర్తొచ్చి ఆగా.

క్లీన్‌రూమ్‌కాకి · గురువారం, రాత్రి 9:41

ఆ మెరిసే గింజ చూడగానే నాకు పని గంట మోగింది. నేను పేరు చెప్పను, సర్ చెప్పనివ్వరు.

పాతకల్చర్ · శుక్రవారం, ఉదయం 6:20

చెప్పనివ్వను. అమ్మా, నువ్వే చెప్పు. కడ్డీలు, గొలుసులు, కాస్త వయసు రాగానే ఊదా వదులుకోవడం మొదలెట్టినవి, మధ్యలో ఏ రంగూ చొరని గింజ. ఏ రంగూ ఎందుకు చొరదు?

స్లైడ్‌మీదచుక్క · శుక్రవారం, ఉదయం 7:15

గోడ అంత గట్టిది కాబట్టి. స్పోర్! బాసిల్లస్ అయి ఉండాలి. ఆకలి వేసింది కాబట్టి స్పోర్లు కడుతున్నాయి, 72 సార్ల లెక్కలో తిండి అయిపోయిన చోటు అదే కదా. అయితే ఇప్పుడే రాయను, స్పోర్ స్టెయిన్ చేశాక రాస్తా. మలాకైట్ గ్రీన్ వేసి ఆవిరి మీద పెట్టాలని చదివాను, అప్పుడుగానీ రంగు లోపలికి పోదట. సోమవారం ల్యాబ్‌లో అడుగుతా.

ఊరికేచదివా · శుక్రవారం, ఉదయం 9:02

ఇంతకీ కోర్సు మారుతున్నారా లేదా?

స్లైడ్‌మీదచుక్క · శుక్రవారం, ఉదయం 9:10

స్పోర్ స్టెయిన్ అయ్యాక చెప్తానండి. ఈలోగా ఒక అర్జెంటు డౌట్. క్రిస్టల్ వయొలెట్ గోళ్లకి అంటుకుంది, ఎంత రుద్దినా పోవట్లేదు. ఎన్నాళ్లకి పోతుంది?

రాత్రిడ్యూటీ · శుక్రవారం, ఉదయం 9:12

గోరు పెరిగి కత్తిరించేదాకా. ఈసారి గ్లవ్స్ వేసుకోమ్మా, మలాకైట్ గ్రీన్ కూడా అంతే.